రెండు తీగల పెత్తనం

బ్రిటన్ ఇళ్లలో వంటగది అల్మరాలోనో మెట్ల కిందో ఒక గ్యాస్ బాయిలర్ ఉంటుంది. గదుల్లో రేడియేటర్లకు వేడినీళ్లు పంపేది అదే. చాలా బాయిలర్లు కొత్తగా వచ్చేటప్పుడు రెండు టెర్మినళ్లను కలుపుతూ ఒక పొట్టి తీగముక్కతో వస్తాయి. అది ఉన్నంతసేపూ ఎవరో వేడి అడుగుతున్నారనే బాయిలర్ నమ్ముతుంది. ఆ ముక్క తీసి, ఆ చోట గది చల్లదనాన్ని బట్టి కలిసి విడిపోయే స్విచ్ పెడితే, అదే థర్మోస్టాట్. ఇంత సులువుగా కనిపిస్తుంది కాబట్టే, టంకం వేయడం వచ్చిన ప్రతివాడికీ దాన్ని సొంతంగా చేసుకోవాలనిపిస్తుంది. లండన్‌లోనో లీడ్స్‌లోనో తొలి చలికాలం గ్యాస్ బిల్లు చూసిన మన సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లకు మరీను. నిజానికి తీగలు కలపడం ఎవరైనా చేస్తారు. వాటిని కలిపిన యంత్రం మధ్యలో చచ్చిపోతే మంట ఆరుతుందా, మండుతూనే ఉంటుందా అన్నదే అసలు ప్రశ్న.

ఆ ప్రశ్న దాదాపు నాలుగు వందల ఏళ్ల నాటిది. హాలండ్‌లోని ఆల్క్‌మార్‌లో పుట్టి, ఇంగ్లండ్‌లో రాజు మొదటి జేమ్స్ ప్రాపకం సంపాదించిన కొర్నేలిస్ డ్రెబెల్‌ను లోకం థేమ్స్ నదిలో జలాంతర్గామి నడిపినవాడిగా గుర్తుపెట్టుకుంది. నాకు మాత్రం ఆయన కోడిగుడ్లు పొదిగే పొయ్యే ఎక్కువ గొప్పగా తోస్తుంది. పొయ్యి లోపల ఆల్కహాల్ నింపిన గాజుగొట్టం పెట్టాడు. వేడెక్కితే ఆల్కహాల్ వ్యాకోచించి పాదరసాన్ని నెట్టేది. పాదరసం మీద ఆనిన కడ్డీ పైకి లేచి, పొగ పోయే దారికి మూత వేసేది. గాలి ఆడక నిప్పు తగ్గేది. చల్లబడితే మూత మళ్లీ తెరుచుకునేది. పక్కన కాపలా మనిషి అక్కర్లేదు. కానీ ఆ గాజుగొట్టం పగిలిందనుకోండి. పాదరసం కారిపోతుంది, కడ్డీ కిందికి జారుతుంది, మూత బార్లా తెరుచుకుంటుంది. పిల్లలు కావలసిన గుడ్లు ఉడికిపోతాయి.

తర్వాతి మలుపు జంట లోహాల పట్టీ. వేడికి ఒక్కో లోహం ఒక్కో మేర సాగుతుంది. రెండింటిని అతికిస్తే ఎక్కువ సాగే లోహం తక్కువ సాగేదాన్ని వంచేస్తుంది. ఓడల గడియారాలు వేడికీ చలికీ తప్పు సమయం చూపకుండా పద్దెనిమిదో శతాబ్దంలో జాన్ హారిసన్ ఈ పట్టీని వాడాడు. 1830లో గ్లాస్గో రసాయనవేత్త ఆండ్రూ యూర్ దాన్ని వేడి అదుపు చేసే సాధనంగా పేటెంటు చేశాడు. మన ఇళ్లలో ఇస్త్రీ పెట్టె కాసేపటికోసారి 'టిక్' మనేది ఆ పట్టీ వంగినప్పుడే. సిల్కు, కాటన్ అని గుర్తులున్న బిళ్ల తిప్పితే, పట్టీ ఎంత వంగాక కరెంటు తెగాలో మారుతుంది, అంతే.

ఈ వేడి అదుపును గదిలోకి తెచ్చింది ఒక మాస్టారి విసుగు. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రం వైట్‌వాటర్‌లో వారెన్ జాన్సన్ ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో పాఠం చెబుతుంటే, ఎంత వేడిగా ఉందో చూడడానికి నౌకరు మాటిమాటికీ తరగతిలోకి వచ్చేవాడు. చూసి, కింద నేలమాళిగలోకి దిగి పొయ్యి సవరించేవాడు. జాన్సన్ గదిలో విద్యుత్ సాధనం అమర్చి, కబురు నేరుగా కిందికే వెళ్లేలా చేశాడు. 1883లో పేటెంటు, 1885లో మిల్వాకీలో కంపెనీ. నేటి జాన్సన్ కంట్రోల్స్‌కు మూలం ఆ విసుగే. దాదాపు అదే సమయంలో మినియాపోలిస్‌లో ఆల్బర్ట్ బుట్జ్ నౌకరు అవసరమే లేకుండా చేశాడు. గది చల్లబడితే మోటారు తిరిగి, గొలుసు లాగి, బొగ్గు పొయ్యికి గాలి మూత ఎత్తేది. హనీవెల్ కంపెనీ వంశవృక్షం అక్కడ మొదలవుతుంది.

1953లో హనీవెల్ అమ్మకానికి తెచ్చిన గుండ్రటి థర్మోస్టాట్‌కు హెన్రీ డ్రైఫస్ రూపమిచ్చాడు. లోపల చుట్టలా చుట్టిన జంట లోహపు పట్టీ, దాని కొసన చిన్న గాజుబుడ్డిలో పాదరసం చుక్క. బుడ్డి ఒరిగితే చుక్క జారి రెండు తీగలను కలుపుతుంది. రూపం కన్నా నన్ను ఆకట్టుకునేది అందులోని ఒక చిన్న హీటర్ తీగ. బాయిలర్ ఆగిపోయినా రేడియేటర్లలో నీళ్లు ఇంకా వేడిగానే ఉంటాయి. గది 20 డిగ్రీలకు చేరాక మంట ఆపితే అది 21 దాటిపోతుంది. అందుకని బాయిలర్ నడుస్తున్నంతసేపూ ఆ తీగ పట్టీని ఒక పిసరు అదనంగా వెచ్చబెట్టి, గది వేడెక్కకముందే 'వేడెక్కింది' అనిపిస్తుంది. పాలు పైకి రాకముందే స్టవ్ తగ్గించే చేయి అది. ప్రోగ్రాంలో ఈ పని చేయించడానికి ఎన్నో సమీకరణాలు రాస్తారు. అక్కడ ఒక్క తీగ చేసింది.

ఇక సొంత తయారీ. 2005లో ఇటలీలోని ఇవ్రియాలో పుట్టిన ఆర్డుయినో అనే చిన్న కంప్యూటర్ బోర్డు, 2014లో షాంఘై కంపెనీ ఎస్ప్రెసిఫ్ చౌకగా తెచ్చిన వైఫై చిప్ ఈఎస్‌పీ8266, ఈ రెండూ కలిసి ఈ పనిని ఇంటి బల్ల మీదికి దించాయి. ఉష్ణోగ్రత చెప్పడానికి డీఎస్18బీ20 అనే మూడు కాళ్ల సెన్సర్. అరడిగ్రీ అటూ ఇటూగా నమ్మదగిందే. దాన్ని బోర్డుతో పాటు ఒకే డబ్బాలో బిగించకూడదు. బోర్డు వేడికి గది ఎప్పుడూ వెచ్చగానే కనిపిస్తుంది. రేడియేటరుకూ కిటికీ ఎండకూ దూరంగా, నేలకు ఒకటిన్నర మీటరు ఎత్తున ఉండాలి.

ఈ సెన్సర్ నిజం చెప్పలేనప్పుడు రెండు అంకెలు కనిపిస్తాయి. కరెంటు వచ్చిన వెంటనే, కొలత పూర్తికాకముందే అడిగితే 85 అంటుంది. కొలవడానికి దానికి ముప్పావు సెకను పడుతుంది. తీగ ఊడిపోతే, చాలామంది వాడే ప్రోగ్రాం లైబ్రరీ మైనస్ 127 అని చెబుతుంది. 85 వస్తే బాయిలర్ ఆగుతుంది, కాసేపు చలి వేస్తుంది, అంతకుమించి నష్టం లేదు. '20 కన్నా తక్కువైతే వెలిగించు' అన్న ఒక్క వాక్యంతో ప్రోగ్రాం రాసినవాడికి మైనస్ 127 వస్తే మాత్రం బాయిలర్ రాత్రంతా మండుతుంది. అందుకే 5కు దిగువన, 40కి ఎగువన చెప్పిన ఏ అంకెనూ నమ్మకూడదు. అలాంటిది వరసగా వస్తే, బోర్డు ఆజ్ఞతో బాయిలర్ తీగలను కలిపి విడదీసే స్విచ్, అంటే రిలే, విడిపోవాలి. ప్రోగ్రాం ఎక్కడో ఇరుక్కుపోతే చిప్‌ను తిరిగి లేపే వాచ్‌డాగ్ టైమర్ కూడా పనిచేస్తుండాలి.

రిలేకూ తనదైన పేచీ ఉంది. నీలం రంగు డబ్బాతో వచ్చే చవక మాడ్యూళ్లు చాలావరకు తలకిందులుగా నడుస్తాయి. పిన్ను మీద వోల్టేజీ పడిపోతేనే అవి కలుస్తాయి. బోర్డు మేలుకునే క్షణాల్లో పిన్నుల తీరు మన చేతిలో ఉండదు కాబట్టి, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా రిలే టకటకమంటుంది. మేలుకున్నాక కూడా ఆ టకటకలు సాగకుండా, ఒకసారి ఆగిన బాయిలర్‌ను కొన్ని నిమిషాలదాకా మళ్లీ వెలిగించకూడదన్న నియమం ప్రోగ్రాంలో ఉండాలి. గది ఉష్ణోగ్రత గీత దగ్గర ఊగిసలాడుతూ మంటను చీటికిమాటికి ఆర్పి వెలిగించకుండా, వెలిగించడానికీ ఆర్పడానికీ మధ్య అరడిగ్రీ ఎడం ఇవ్వాలి.

చాలా బ్రిటన్ బాయిలర్లలో ఆ రెండు తీగల మీద ఉండేది 230 వోల్టులు. బొమ్మ బ్యాటరీ వోల్టేజీ కాదు. బోర్డు వైపు 3.3 వోల్టులకూ ఈ వైపు 230కీ మధ్య తగినంత ఖాళీ లేని మాడ్యూలును నేనైతే గోడకు తగిలించను. ఆ కరెంటు బాయిలర్‌కు సరఫరా ఇచ్చే 3 ఆంపియర్ల ఫ్యూజు స్విచ్ నుంచే రావాలి. లేకపోతే స్విచ్ కట్టేసి బాయిలర్ బాగుచేస్తున్న మనిషికి వేరే దారిన షాక్ తగులుతుంది. మంట ఉన్న పెట్టె మూత తెరిచే హక్కు అక్కడ గ్యాస్ సేఫ్ జాబితాలో నమోదైనవాళ్లకే ఉంది.

వెలుగు, ఆరు అన్న రెండు మాటలతో సరిపెట్టుకోని బాయిలర్లూ ఉన్నాయి. ఓపెన్‌థర్మ్ అనే పద్ధతిలో అవే రెండు తీగల మీద సంభాషణ నడుస్తుంది. థర్మోస్టాట్ వోల్టేజీ మార్చి మాట్లాడితే బాయిలర్ కరెంటు మార్చి జవాబిస్తుంది. 'వెలుగు' అనే బదులు 'నీళ్లు 45 డిగ్రీలు చాలు' అని చెప్పొచ్చు. దీనిలో డబ్బుంది. రేడియేటర్ల నుంచి తిరిగివచ్చే నీళ్లు సుమారు 55 డిగ్రీలకు దిగువన ఉంటేనే పొగలోని ఆవిరి నీరుగా మారి, తన వేడిని వదిలిపోతుంది. మంటను పూర్తిగా వెలిగించి ఆర్పడం తప్ప ఏమీ తెలియని రిలేకు ఈ ఆదా చేతకాదు.

రిలేతో సరిపెట్టుకునేవాళ్లు, తెలివైనవాళ్లయితే, పాత జంట లోహపు థర్మోస్టాట్‌ను చెత్తలో వేయరు. ఒకదాన్ని 25 దగ్గర పెట్టి రిలేతో సిరీస్‌లో కలుపుతారు. రిలే కాంటాక్టులు అతుక్కుపోయినా ఇల్లు అంతకుమించి వేడెక్కదు. ఇంకోదాన్ని 5 దగ్గర పెట్టి ఈ రెండింటికీ పారలల్‌గా కలుపుతారు. బోర్డు మాడిపోయిన వారం ఇంటివాళ్లు గుంటూరులో పెళ్లికి వెళ్లి ఉన్నా, బ్రిటన్ ఇంట్లో పైపుల్లో నీళ్లు గడ్డకట్టకముందే బాయిలర్ వెలుగుతుంది.