మీటరును నమ్మాలా? మట్టిని చూడాలా?

కోట్‌పల్లి, (మా విలేకరి): ఆదివారం నాడు కోట్‌పల్లి ప్రాజెక్టు కట్ట దగ్గర నిలబడితే పట్నం నుంచి వచ్చిన కార్లు కనిపిస్తాయి. వాటి పక్కనే ధారూరు, పెద్దేముల్, బంట్వారం వైపు కిరాయికి తిరిగే మన ఊళ్ల కార్లూ ఆగి ఉంటాయి. కంపెనీ ఒకటే, మోడలు ఒకటే, కారుతోపాటు ఇచ్చిన సర్వీసు పుస్తకమూ ఒకటే. చాలా కార్లకు ఆ పుస్తకంలో పది వేల కిలోమీటర్లకు గాని, ఏడాదికి గాని, ఏది ముందు వస్తే దానికి సర్వీసింగ్ చేయించాలని రాసి ఉంటుంది. పట్నం కారు వారమంతా తారురోడ్డు మీద తిరుగుతుంది. మన కారు మాత్రం పొద్దున లేస్తే పొలాల బాట, మధ్యాహ్నం తాండూరు బండల దారి, సాయంత్రం మళ్లీ మట్టి రోడ్డు. ఈ రెండింటిలోనూ ఇంజన్ ఆయిలు ఒకే రోజున చెడిపోతుందా?

2016లో వికారాబాద్ జిల్లాతోపాటు కోట్‌పల్లి మండలం కూడా ఏర్పడింది. అప్పు తీసుకుని కారు కొని, కిరాయిల మీద ఇల్లు గడుపుకొనే యువకులు ఈ చుట్టుపక్కల చాలా ఊళ్లలో ఉన్నారు. ఆయిలు, ఫిల్టర్లు మార్చితే కొన్ని వేలతో పోతుంది. మార్చక ఇంజను పట్టేస్తే బోరింగు, పిస్టన్లు, రింగులు, బేరింగులు అంటూ ఒక పంట డబ్బు మొత్తం అందులోకే పోతుంది. బండి షెడ్డులో ఉన్నదని కిస్తీ ఆగదు. కాబట్టి సర్వీసింగ్ ఎప్పుడు అనేది మెకానిక్కుకు వదిలేయదగిన సంగతి కాదు.

గడువు పెట్టే పద్ధతులు రెండు. మొదటిది నిర్ణీత గడువు. ఇన్ని కిలోమీటర్లు లేక ఇన్ని నెలలు అని కంపెనీ ముందే చెప్పేస్తుంది. రెండవది మారే గడువు. ఇందులో కారులోని కంప్యూటరే లెక్క కట్టి, ఇక ఆయిలు మార్చండని డాష్‌బోర్డు మీద దీపం వెలిగిస్తుంది. ఇది నిన్న మొన్నటి వింత కాదు. 1980ల తొలి సంవత్సరాల్లోనే జర్మనీ కంపెనీ బి.ఎం.డబ్ల్యూ. ఆకుపచ్చ, పసుపు, ఎరుపు దీపాలతో ఈ ఏర్పాటు చేసింది. అమెరికాలో జనరల్ మోటార్స్ 1988లో ఓల్డ్స్‌మొబైల్ కార్లలో ఆయిలు ఆయుష్షు లెక్కించే పద్ధతిని తెచ్చింది. ఆ రోజుల్లో మన రోడ్ల మీద అంబాసిడర్, ఫియట్‌లు చాలానే తిరిగేవి. అడుగున గ్రీజు కొట్టించడం తప్పితే నెల గడిచేది కాదు. దీపం వెలిగే దాకా ఆగే ఓపిక ఆ బండ్లకూ లేదు, వాటి డ్రైవర్లకూ లేదు.

ఫోక్స్‌వ్యాగన్ కంపెనీ తన దేశంలో మారే గడువు కింద, అందుకు తగిన ప్రత్యేక ఆయిలు పోస్తే, 30,000 కిలోమీటర్లు లేక రెండేళ్ల దాకా పోవచ్చునంటుంది. అదే కంపెనీ మన దేశంలో అమ్మే కార్లకు 15,000 కిలోమీటర్లు లేక ఏడాది అని నిర్ణీత గడువే పెట్టింది. ఎందుకన్నది మన రోడ్లు చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు.

ట్రాక్టరు నేర్పిన పాఠం

నిజానికి ఈ సంగతి మన రైతులకు కొత్తది కాదు. ట్రాక్టరు ఆయిలును కిలోమీటర్లు చూసి ఎవరూ మార్చరు, గంటలు చూసి మారుస్తారు. చాలా ట్రాక్టర్లకు మొదటి సర్వీసు 50 గంటలకు, ఆ తర్వాత ఇంచుమించు 250 గంటలకొకసారి ఉంటుంది. కొన్ని కొత్త మోడళ్లకు ఇంకా ఎక్కువ. కంది నూర్పిడి రోజుల్లో ట్రాక్టరు కల్లంలో ఒకేచోట నిలబడి పొద్దంతా మిషను తిప్పుతుంది. చక్రం గజం కూడా కదలదు, కిలోమీటర్లు చూస్తే సున్నా. ఇంజను మాత్రం ఏడాదిలో ఎన్నడూ మింగనంత దుమ్ము ఆ కొద్ది రోజుల్లోనే మింగుతుంది. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషమే. కాని ఆ కంది దుమ్ము ఏ ఇంజనుకైనా కంది దుమ్మే.

ఇక్కడ ఒక మెలిక ఉన్నది. పాతకాలపు ట్రాక్టర్ల అవర్ మీటరు ఇంజను తిరుగుళ్లను లెక్కపెడుతుంది. ఇంజను తగినంత వేగంతో తిరిగితేనే గంటకు గంట ఎక్కుతుంది. మెల్లగా వదిలేస్తే రెండు గంటలు నడిచినా మీటరు మీద గంట కూడా పడకపోవచ్చు. కరెంటుతో నడిచే మీటర్లు ఇలా కావు, తాళం తిప్పి ఇంజను నడుస్తున్నంతసేపూ లెక్కిస్తాయి. మన బండిది ఏ రకమో తెలియకుండా మీటరును నమ్మి కూర్చుంటే నష్టమే.

కారులోని కంప్యూటరు కూడా ఇలాంటి లెక్కలే కొంచెం తెలివిగా చేస్తుంది. ఇంజను ఎన్నిసార్లు చల్లగా ఉండగా స్టార్టు చేశారు, ఎంత వేడెక్కింది, ఎంత వేగంగా తిరిగింది, ఇవన్నీ కూడుకుంటుంది. పొద్దున వికారాబాద్‌లో బయలుదేరి పట్నం పోయి సాయంత్రానికి తిరిగి వచ్చే కారుకు ఇది చక్కని పద్ధతి. అయితే చాలా కార్లలో ఆయిలును తాకి పరీక్షించే పరికరమేదీ ఉండదు. ఉన్నదంతా లెక్కే. ఆ లెక్కలో దుమ్ముకు చోటు లేదు. కరన్‌కోట్ దారిలో సిమెంటు, బండల లారీ వెనుక గంటసేపు నడిచినా కంప్యూటరుకు తెలియదు. లోపల పోసింది కంపెనీ చెప్పిన ఆయిలా, చౌకగా దొరికిన డబ్బాయా అన్నదీ దానికి తెలియదు. అందుచేత మారే గడువు ఉన్న కారు కొన్నవారు కూడా ఈ ప్రాంతంలో దీపం కోసం ఎదురుచూడకపోవడమే మేలు.

దుమ్ములోనూ రకాలున్నాయి. తాండూరు బండల పొడి సున్నపురాయి పొడి. అది ఏర్ ఫిల్టరును తొందరగా మూసేస్తుంది. బండికి ఊపిరాడక లాగుడు తగ్గుతుంది, మైలేజి పడిపోతుంది. మట్టిలోని ఇసుక రేణువు అంతకంటే ప్రమాదకారి. అది ఇనుము కంటే గట్టిది. ఫిల్టరు చిరిగినా, దాని మూత క్లిప్పులు వదులైనా నేరుగా సిలిండరులోకి పోయి గోడలనూ, రింగులనూ గీకేస్తుంది. తర్వాత నీలి పొగ, ఆయిలు తాగడం మొదలవుతాయి. పంక్చరు షాపులో గట్టిగా గాలి కొట్టించి ఫిల్టరు శుభ్రమైందని మురిసిపోయేవారు చాలామంది. ఆ వత్తిడికి కాగితం చిల్లులు పడితే ఫిల్టరు ఉన్నా లేనట్లే. మెల్లగా, లోపలి నుంచి బయటికి గాలి పట్టించాలి. నల్లబడితే మార్చేయాలి.

ఇక తక్కువ తిరిగే కార్ల సంగతి. రోజుకు పదిహేను కిలోమీటర్లు తిరిగే కారు ఏడాదికి అయిదున్నర వేలు కూడా దాటదు. పది వేలు నిండాలంటే దాదాపు రెండేళ్లు పడుతుంది. పుస్తకంలోని రెండో మాట, అంటే ఏడాది అన్నది, ఇలాంటి బండి కోసమే. ఇంజను సరిగా వేడెక్కకముందే ఆపేస్తుంటే నీటి ఆవిరి, కాలని పెట్రోలు ఆయిలులోనే ఉండిపోతాయి. వానాకాలంలో ఆయిలు మూత తీస్తే లోపల వెన్నలాంటి తెల్లటి పదార్థం కనబడేది చాలాసార్లు ఇందువల్లనే. ఒకసారి దూరం తిప్పినా అది పోకపోతే రేడియేటరు నీళ్లు ఇంజనులోకి దిగుతున్నాయేమో చూపించుకోవాలి.

డీజిలు కార్లవారికి ఇంకో జాగ్రత్త. 2020 ఏప్రిల్ 1 నుంచి బి.ఎస్.6 నిబంధనలు వచ్చాక కొత్త డీజిలు కార్లకు పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టరు ఉంటున్నది. ఆ మసిని కాల్చడానికి ఇంజను అప్పుడప్పుడు అదనంగా డీజిలు చిమ్ముతుంది. చిన్న చిన్న ప్రయాణాలతో ఆ పని మధ్యలో ఆగిపోతుంటే కొంత డీజిలు జారి ఆయిలులో కలుస్తుంది. గేజి పుల్ల తీసి చూస్తే ఆయిలు తగ్గకపోగా పెరిగి కనిపిస్తుంది. లాభమే కదా అనుకోరాదు. అది పలుచబడిన ఆయిలు. గీత దాటితే కిలోమీటర్లతో పని లేదు, వెంటనే మార్పించాలి.

మరి ఎంతకు మార్చాలి? చాలా కంపెనీల పుస్తకాల చివర, ఎవరూ తిప్పని పేజీల్లో, దుమ్ము రోడ్లు, చిన్న ప్రయాణాలు, ఎక్కువ బరువు ఉన్న బండ్లకు వేరే పట్టిక ఒకటుంటుంది. అందులో గడువు తక్కువగా ఉంటుంది. మన ఊళ్ల కార్లకు వర్తించేది ఆ పట్టికే. రోజూ రెండు వందల కిలోమీటర్లు తారు మీద తిరిగే కిరాయి కారుకు మాత్రం మామూలు గడువు చాలు, కాకపోతే అది యాభై రోజులకే వచ్చిపడుతుంది. వారంటీ ఉన్నంతకాలం ప్రతి సర్వీసు బిల్లూ దాచుకోవాలి. గడువు దాటించిన బండికి ఇంజను పోతే కంపెనీ మొదట అడిగేది ఆ కాగితాలే.

పట్నం నుంచి పాత కారు కొని తెచ్చుకొనేవారు ఒక్కటి గమనించాలి. డాష్‌బోర్డు మీద సర్వీసు దీపం వెలగడం లేదంటే ఆయిలు మార్చారని అర్థం కాదు. చాలా కార్లలో ఒక మీట కొద్దిసేపు నొక్కి పట్టుకుంటే ఆ లెక్క మళ్లీ మొదటికి వస్తుంది, డ్రైన్ బోల్టు విప్పే పనే ఉండదు. సర్వీసు పుస్తకం, బిల్లులు చూపించమనండి. అవి లేకుంటే బండి ఊరు చేరిన వెంటనే ఆయిలు, రెండు ఫిల్టర్లు మార్పించి, ఆనాటి తేదీ, మీటరు అంకె ఒక చీటీ మీద రాసి బానెట్టు లోపల అంటించుకోండి.