సుడుల లెక్క నేర్చిన యంత్రం

మీ ఇంట్లో కుళాయిని కొద్దిగా తిప్పి చూడండి. నీరు గాజుకడ్డీలా నున్నగా, అసలు కదలనట్లే జారుతుంది. మరికాస్త తిప్పండి. ధార గరుకెక్కి, వణుకుతూ, చప్పుడు చేస్తూ పడుతుంది. మొదటిది ధారారేఖా ప్రవాహం, రెండవది సంక్షుబ్ధ ప్రవాహం.

1883లో ఇంగ్లండులోని మాంచెస్టరులో ఆస్బోర్న్ రేనాల్డ్స్ ఈ తేడాను గాజుగొట్టంలో చూపించాడు. పారే నీటి మధ్యకు సన్నని రంగుధార వదిలాడు. నీరు మెల్లగా పారినంతసేపూ రంగు దారపు పోగులా తిన్నగా సాగింది. వేగం ఒక హద్దు దాటగానే పోగు చెదిరి, సుడులు తిరిగి, నీరంతటా కలిసిపోయింది.

నీరు, గాలి ఎలా కదులుతాయో చెప్పే నేవియర్-స్టోక్స్ సమీకరణాలు 19వ శతాబ్దం నుంచీ తెలిసినవే. మరి చిక్కెక్కడ? సుడులు ఒక్క పరిమాణంలో ఉండవు. పెద్దవి విడిపోయి చిన్నవవుతాయి, అవి మరీ చిన్నవవుతాయి. ఒక్కదాన్నీ వదలకుండా లెక్కించాలంటే ప్రవాహాన్ని అతి చిన్న గళ్లుగా విభజించాలి. 1987లో కిమ్, మోయిన్, మోజర్ అనే శాస్త్రజ్ఞులు రెండు పలకల మధ్య పారే ప్రవాహానికే సుమారు 40 లక్షల బిందువులు తీసుకోవలసి వచ్చింది. ఎగిరే విమానం మొత్తానికి ఇలా లెక్క కట్టడం నేటి సూపర్ కంప్యూటర్లకు కూడా మోయలేని భారం.

అందుకే ఇంజనీర్లు సగటు ప్రవాహాన్ని మాత్రమే లెక్కించి, సుడుల ప్రభావాన్ని ఒక ఉజ్జాయింపు సూత్రంతో కలుపుతారు. సుడుల వల్ల నీరో గాలో ఆముదంలా మరింత జిగటగా మారిందని భావించడమే ఇందులో కిటుకు. చాలాచోట్ల ఇది సరిపోతుంది, కొన్నిచోట్ల మోసగిస్తుంది. చదరపు గొట్టంలో సంక్షుబ్ధంగా పారే గాలి ముందుకు పోతూనే మూలల దగ్గర మెల్లగా సుడి తిరుగుతుంది. ఈ సూత్రాల్లో సరళమైనది మాత్రం అక్కడ సుడే లేదంటుంది!

ఈ లోటు తీర్చడానికే న్యూరల్ నెట్‌వర్క్‌ను రంగంలోకి దించారు. మెదడులోని నాడీకణాల అల్లికను చూసి ఊహించిన గణిత పద్ధతి ఇది. పూర్తిగా లెక్కించిన ప్రవాహాలను ఉదాహరణలుగా చూపితే, జవాబులో తప్పు తగ్గేలా తన లోపలి అంకెలను సవరించుకుంటూ పోతుంది.

కాని తూర్పుకు పారే ప్రవాహాలే చూపి నేర్పితే, అదే ప్రవాహాన్ని ఉత్తరానికి తిప్పగానే అది వేరే జవాబు చెప్పవచ్చు. గొట్టం దిక్కు మారితే ప్రకృతి నియమం మారుతుందా? మారదు. 2016లో అమెరికాలో జూలియా లింగ్, కుర్జావ్‌స్కీ, టెంపుల్టన్ ఈ సత్యాన్ని నెట్‌వర్క్ నిర్మాణంలోనే పొదిగారు. అది గొట్టం మూలల్లోని సుడులను పట్టుకుంది. నియమం పొదగని నెట్‌వర్క్ కంటే మెరుగైన జవాబులిచ్చింది.

అయినా ఒక జాగ్రత్త అవసరం. ఎన్నడూ చూడని తరహా ప్రవాహం ఎదురైతే నెట్‌వర్క్ పొరబడవచ్చు, పొరబడుతున్నానని చెప్పదు కూడా. విమానం రెక్క విషయంలో అలాంటి తప్పు ప్రాణాల మీదికి తెస్తుంది. అందుకే రెక్క నమూనాను గాలి సొరంగంలో పెట్టి పరీక్షించక తప్పదు. రేనాల్డ్స్ రోజుల్లోలాగే నేడూ చివరి మాట ప్రయోగానిదే.