కౌంటర్ దగ్గర చెప్పింది ఫిర్యాదు కాదు

బందరులో 1923లో పుట్టిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. ఏడాది తిరిగేసరికి పాత ఐఎఫ్ఎస్‌సీ కోడ్లు, చెక్కు పుస్తకాలు చెల్లకుండా పోయాయి. కోడ్ మారిందంటే స్కాలర్‌షిప్ ఫారం నుంచి కూలి డబ్బు పడే చోటు దాకా అన్నీ సరిచూసుకోవాలి. ఆ తిరుగుళ్ల ఖర్చు ఖాతాదారుదే.

విజయవాడ చుట్టుపక్కల దళితవాడల్లో, బ్యాంకు ఏదైనా, మేం వినే మాట ఒకటే: "చెప్పాం, రేపు రమ్మన్నారు." ఒక రోజు కూలి పోగొట్టుకుని చెప్పిన ఆ మాట ఏ రిజిస్టరులోనూ ఉండదు. కాగితం మీద రాసి, నకలు మీద తేదీతో సీలు వేయించుకోవాలి. అక్కడి నుంచి 30 రోజులు లెక్క. జవాబు రాకపోయినా, వచ్చింది సరిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. వివరాలకు 14448కి ఫోన్ చేయొచ్చు. ఆన్‌లైన్ చేతకాకపోతే చండీగఢ్‌లోని రిజర్వు బ్యాంకు కేంద్రానికి తెలుగులోనే ఉత్తరం పంపొచ్చు.

ఒక మెలిక ఉంది. బ్యాంకు వ్యాపార నిర్ణయాలు అంబుడ్స్‌మన్ పరిధిలోకి రావు. బ్రాంచి ఎత్తేశారని మాత్రమే రాస్తే నిలబడకపోవచ్చు. ఫలానా తేదీన పడాల్సిన ఇంత డబ్బు నా ఖాతాలో పడలేదని రాయండి.