పలకని అక్షరాలు, పొసగని మాటలు

కత్తిని ఇంగ్లీషులో 'నైఫ్' అంటారు. రాసేటప్పుడు మాత్రం ఆ మాట మొదట 'కె' అనే అక్షరం ఉంటుంది. ఇంగ్లీషు కొత్తగా నేర్చుకొనే పిల్లవాడు దాన్ని 'క్నైఫ్' అని చదువుతాడు. తరగతి గొల్లుమంటుంది. రాసినది రాసినట్లు చదవడం తెలుగులో అలవాటైన ఆ పిల్లవాడు తన తప్పేమిటో తెలియక తలదించుకొంటాడు. నిజానికి అతడు సిగ్గుపడవలసిన పని లేదు. అయిదు వందల సంవత్సరాల కిందట ఇంగ్లండులో ఆ 'కె'ని పలికేవారు.

పలుకు మారింది, రాత మారలేదు. దీనికి కారణం చరిత్రలో ఉంది. 1476లో విలియం కాక్స్‌టన్ అనే ఆయన లండను నగరం పక్కనే ఉన్న వెస్ట్‌మినిస్టరులో అచ్చుయంత్రాన్ని నెలకొల్పాడు. ఇంగ్లండులో అదే మొదటిది. అంతకుముందు ఒక్కొక్క ప్రాంతంవారు ఒక్కొక్క విధంగా రాసేవారు. అచ్చుపుస్తకాలు పెరిగినకొద్దీ మాటల రాత క్రమంగా స్థిరపడింది. అయితే ఆ కాలంలోనే ప్రజల ఉచ్చారణ మారుతూ ఉంది. సుమారు 1400 నుంచి 1700 వరకు ఇంగ్లీషులోని దీర్ఘాచ్చులు చాలా మార్పు చెందాయి. ఒకప్పటి 'హూస్' నేటి 'హౌస్' అయింది. ఒకప్పటి 'క్నీఫ్' నేటి 'నైఫ్' అయింది. నోరు వదిలేసిన 'కె'ని కాగితం వదలలేదు.

కొన్ని చిక్కులు పండితులు తెచ్చిపెట్టినవి. అప్పును ఇంగ్లీషులో 'డెట్' అంటారు. ఈ మాట ఫ్రెంచి భాష నుంచి వచ్చినప్పుడు అందులో 'బి' లేదు. దీని మూలం లాటిను భాషలోని 'డెబిటుం' అని చూపడానికి పదహారో శతాబ్దంనాటి పండితులు 'బి'ని చేర్చారు. ప్రజలు దాన్ని రాశారు కాని పలకలేదు. ద్వీపం అనే అర్థంగల 'ఐలాండ్'లోని 'ఎస్' ఇంకా విచిత్రమైనది. అది అచ్చమైన ఇంగ్లీషు మాట. లాటినులోని 'ఇన్సులా'కు చుట్టమని పొరబడి అందులో 'ఎస్'ను చేర్చారు. ఆ పొరపాటును నేటికీ ప్రపంచమంతటా పిల్లలు కంఠస్థం చేస్తున్నారు.

అక్షరాలే కాదు, మాటల అర్థాలూ ఒక్కొక్కప్పుడు పొసగవు. 'పైన్' అంటే దేవదారు జాతి చెట్టు, 'ఆపిల్' అంటే మనకు తెలిసిన పండు. అనాసపండు ఈ రెండూ కాదు. అయినా దాన్ని 'పైనాపిల్' అంటారు. మొదట ఈ పేరు పైన్ చెట్టు కాయది. అనాసపండు చూడడానికి అలాగే ఉండడంవల్ల పేరు దానికి అంటుకొంది. దీపం 'గోస్ ఆఫ్' అంటే ఆరిపోయిందని అర్థం. అలారం 'గోస్ ఆఫ్' అంటే మాత్రం మోగిందని అర్థం! 'ఇన్' అంటే లోపల, 'అవుట్' అంటే బయట. కాని దరఖాస్తును 'ఫిల్ ఇన్' చేసినా 'ఫిల్ అవుట్' చేసినా పని ఒక్కటే.

ఇవన్నీ విని ఇంగ్లీషును చూసి నవ్వుకోనక్కరలేదు. మన ఇంట్లో బియ్యం అయిపోతే 'బియ్యం నిండుకొన్నాయి' అంటాం. దీపం ఆరిపోతే 'కొండెక్కింది' అంటాం. తెలుగు కొత్తగా నేర్చుకొనేవాడు ఈ మాటలు విని, డబ్బా నిండా బియ్యం ఉన్నాయనీ, దీపాన్ని ఎవరో కొండమీద పెట్టారనీ అనుకోవచ్చు. 'లేవు', 'ఆరిపోయింది' అనడం అశుభమని పెద్దలు భావించారు. అందుకే అలా మాట మార్చారు. పొసగనట్లు కనిపించే మాట వెనుక ఒక మనసు ఉంది.

సెలవు తీసుకొనేటప్పటి మాటలు చూడండి. ఇంగ్లీషువారి 'గుడ్ బై' ఒకప్పుడు 'దేవుడు మీకు తోడుగా ఉండుగాక' అనే అర్థంగల పూర్తి వాక్యం. నలిగి నలిగి ఇంత చిన్నదైంది. మనం వెళ్ళిపోతూ 'వెళ్ళివస్తాను' అంటాం. తమిళులు 'పోయిట్టు వరేన్' అంటారు. కన్నడిగులు 'హోగి బర్తీని' అంటారు. మరాఠీవారు 'యేతో' అనీ, ఒరియావారు 'ఆసుఛి' అనీ అంటారు. ఈ రెండింటిలో 'వెళ్ళడం' అనే మాటే లేదు, 'రావడం' మాత్రమే ఉంది. వెళ్ళేవాడు వస్తున్నానంటే ఎవరూ ఆశ్చర్యపోరు. మళ్ళీ కలవాలనే కోరిక అందరికీ అర్థమవుతుంది.

భాషను ఒక్కరు ఒక్కరోజులో కూర్చుని తయారుచేయలేదు. అనేక తరాలు వాడి, మార్చి, కొన్నిచోట్ల పొరబడి మనకు అందించారు. కాబట్టి ఏ భాషనైనా నేర్చుకొనేటప్పుడు 'ఇదేం పద్ధతి?' అని విసుగుకొనేకంటే 'ఇలా ఎందుకు అయింది?' అని అడగడం మేలు. ఇరుగుపొరుగు భాషల మధ్య పెరిగే పిల్లలకు ఈ ప్రశ్న రోజూ ఎదురవుతూనే ఉంటుంది. 'క్నైఫ్' అని చదివిన పిల్లవాడు నేటి ఉచ్చారణ నేర్చుకోవలసిందే. అయితే ఈ కథ తెలిసిన తరగతి అతన్ని చూసి నవ్వదు.