సానరాళ్ల లోయ

ఒకప్పుడు మన పెద్దల క్షురములమీద ‘షెఫీల్డ్’ అను ముద్ర కనబడెడిది. ఇంగ్లాండులోని ఆ నగరము ఉక్కునకు పేరొందుటకు శతాబ్దములకు పూర్వమే చాకులకు పేరొందినది. పదునాలుగవ శతాబ్ది కవి ఛాసర్ తన కథలలో ఒకదానియందు పిండిమర యజమాని నొకనిని వర్ణించుచు, వాని మేజోటిలో ఒక షెఫీల్డ్ చాకును దోపినాడు. వానిది నీటిమర, ఆ చాకునకు పదును పెట్టినదియు బహుశః నీరే కావచ్చును.

ఆ పదునునకు పుట్టినిల్లు చూడగోరువారు నగరమునకు పడమట రివెలిన్ అను చిన్న యేటివెంట నడువవలయును. మాలిన్ బ్రిడ్జివద్ద ఆ యేరు లాక్స్‌లీ నదిలో కలియును. అచ్చటినుండి ఎగువకు పోవు కాలిబాట ప్రక్కన, ఇంచుమించు నాలుగు కిలోమీటర్లలో, ఒకనాడు ఇరువది మరలుండెడివి. కొన్నిట ధాన్యము విసరిరి, కొన్నిట ఇనుము సాగగొట్టిరి. పెక్కు మాత్రము సానపట్టు శాలలే. దిగువనున్న మౌస్‌హోల్ కొలిమిలో చేసిన దాగళ్లు అమెరికా కమ్మరుల వరకు పోయినవి.

చెట్లు యేటిపైకి వంగి, నాచు పట్టిన రాళ్లనడుమ నీరు దుముకుచు, కుంటల యొడ్డున కొంగలు నిలిచియుండగా, ఇదియంతయు ప్రకృతి తనంతట తాను తీర్చిన శోభయే యని బాటసారి భ్రమించును. కాని ఆ కుంటలు మనుష్యులు త్రవ్వినవి. ఆ దుముకులలో పెక్కు మనుష్యులు కట్టిన అడ్డుకట్టలు. ఏటికి అడ్డుకట్ట వేసి, మళ్లించిన నీటిని ఇంచుమించు సమతలమైన కాలువద్వారా కొంతదూరము కొనిపోయినచో, ఈలోగా యేరు క్రిందికి దిగిపోవుటచేత, కాలువ చివరనున్న కుంట యేటికంటె ఎత్తుగా నిలుచును. తూమెత్తగానే ఆ నీరు చక్రము శిరస్సుననున్న తొట్టెలలో పడి, తన బరువుతో దానిని త్రిప్పి, మరల యేటిలో కలియును. కలిసిన కొలదిదూరములోనే మరియొక అడ్డుకట్ట దానిని పట్టుకొనును. ఇట్లు ఒకే నీరు లోయ దాటులోపల మరల మరల కూలికి పోయెడిది. మన చెరువుల క్రింద సేద్యము చేసినవారికి ఈ పొదుపు చెప్పకయే తెలియును. వేసవిలో యేరెండినచో పనియు లేదు, కూలియు లేదు.

స్వాలో, వుల్ఫ్, ప్లాంక్, లిటిల్ లండన్ అని ఆ మరలకు ముద్దుపేర్లు. లోపలి జీవితము ముద్దుది కాదు. సానవాడు కొయ్యపీటపై గుఱ్ఱమెక్కినట్లు కూర్చుండి, తిరుగుచున్న ఇసుకరాతిపైకి వంగి రోజంతయు ఉక్కును ఒరయుచుండగా, రాతిపొడి వాని యూపిరితిత్తులలో చేరెడిది. తడిరాతిపై పనిచేయువాడు కొంత మేలు. ఫోర్కులను పొడిరాతిపై ఒరయువారు ఇరువదియెనిమిది, ముప్పదిరెండేండ్లనడుమనే మరణించుచుండిరని షెఫీల్డ్ వైద్యుడు ఆర్నాల్డ్ నైట్ పందొమ్మిదవ శతాబ్దిలో వ్రాసినాడు. ధూళిని లాగివేయు సాధనములు వచ్చినప్పుడు కొందరు సానవారే వానిని పగులగొట్టిరనియు, ప్రాణభయము తగ్గినచో ఆ వృత్తిలోనికి జనము పెరిగి కూలి పడిపోవునని వారు భయపడిరనియు 1845లో జర్మను రచయిత ఏంగెల్స్ వ్రాసెను. దీనిని మూర్ఖత్వమనుట సులభము. ప్రాణముకంటె కూలిని విలువైనదానిగా చేసిన వ్యాపారమునకు ఏ పేరు పెట్టవలెనో నాకు తోచదు.

రివెలిన్ గట్టున నేడు మిగిలినవి చాలవరకు పునాదులు, కాలువలు, కుంటలు మాత్రమే. తిరుగు చక్రమును చూడగోరువారు అదే నగరములోని పోర్టర్ వాగు గట్టుననున్న షెపర్డ్ వీల్‌నకు పోవచ్చును. 1584 నాటికే పత్రములకెక్కిన ఆ సానశాల 1930 వరకు పనిచేసి, 2012లో బాగుచేయబడి మరల సందర్శకులకు తెరువబడినది. సానరాళ్లును, సానవారి పీటలును అందే యున్నవి. తలుపులు అన్ని దినములు తెరచియుండవు గనుక ముందుగా విచారించి బయలుదేరుట మంచిది.