చెదిరిన రాతిపనివారి ‘శ్రేణి’

మాచర్ల: నాగార్జునకొండలో లభించిన ఇక్ష్వాకుల కాలపు శాసనం ఒకటి ఉపాసిక బోధిశ్రీ చేయించిన నిర్మాణాలను వివరిస్తుంది. పనిని పర్యవేక్షించిన ముగ్గురు భిక్షువుల పేర్లతో పాటు రాతిని మలిచిన విధికుడి పేరూ అందులో ఉంది. దాదాపు 1700 ఏళ్ల కిందట రాతిపనివాడికి దక్కిన గౌరవమది.

ఒకే వృత్తివారు కట్టుబాటుతో ఏర్పరచుకున్న సంఘాన్ని నాడు శ్రేణి అనేవారు. కలిసి ఆలయం నిర్మించే పనివారిలో పెద్దకు రెండు వాటాలు దక్కాలని బృహస్పతి స్మృతి నిర్దేశించింది. పని నేర్చుకునే శిష్యుణ్ని గురువు తన ఇంట ఉంచుకుని, అన్నం పెట్టి కొడుకులా చూడాలని, వేరే చాకిరీ చేయించరాదని నారద స్మృతి శాసించింది. పని ముందే వచ్చేసినా గడువు తీరేదాకా శిష్యుడు కదలరాదు. అంటే కూలి, శిక్షణ రెండూ కట్టుబాటులోనివే. తరువాతి కాలంలో కమ్మరి, వడ్రంగి, కంచరి, శిల్పి, స్వర్ణకారుడు కలిసిన పంచాణం ఈ బాధ్యతను మోసింది.

ఐరోపాలో ఇటువంటి సంఘాలను చట్టాలే తొలగించాయి. ఫ్రాన్సు 1791లో వాటిని రద్దు చేసింది. ఇంగ్లండు 1814లో ఏడేళ్ల శిష్యరికం నిబంధనను ఎత్తివేసింది. మన వద్ద ఆ పనిని టెండరు చేసిందనాలి. 1850వ దశకంలో ప్రజాపనుల శాఖ ఏర్పడ్డాక నమూనా ఇంజినీరు చేతికి, రేటు కాంట్రాక్టరు చేతికి వెళ్లాయి. ఉలి మాత్రమే పనివాడికి మిగిలింది.

పల్నాటి ముంగిట దీనికి పెద్ద సాక్ష్యం నాగార్జునసాగర్. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఈ రాతి ఆనకట్టకు వేలాది మంది రాళ్లు కొట్టి, మోసి, పేర్చారు. 1967లో కాలువలకు నీరు వదిలారు. విధికుడు పనిచేసిన లోయ ఆ జలాశయంలోనే మునిగింది. తవ్వకాల్లో బయటపడిన శిల్పాలను కొండపైకి చేర్చారు. ఆనకట్ట కట్టినవారి పేర్లు మస్టర్‌ రోళ్లకే పరిమితమయ్యాయి.

ఆ తరువాతి దెబ్బ యంత్రానిది. మిక్సీలు, గ్రైండర్లు వచ్చాక రోలు, తిరగలి మూలన పడ్డాయి. ఊరూరా తిరిగి వాటికి కక్కు కొట్టేవారికి పని లేకుండా పోయింది. కంకర కొట్టే చేతుల స్థానంలో క్రషర్లు వెలిశాయి. శిల్పశాలల్లో కోత యంత్రం రోజుల పనిని గంటల్లో ముగిస్తున్నా, నీళ్లు చల్లకుండా కోస్తే లేచే సన్నని ధూళి ఊపిరితిత్తుల్లో పేరుకుంటుంది. ముఖ్యంగా గ్రానైట్‌ ధూళితో సిలికోసిస్‌ ముప్పు ఎక్కువ. మంచాన పడ్డవాడిని ఆదుకునే వృత్తి కట్టుబాటు లేకపోవడమే అసలు లోటు.

పల్నాడు జిల్లాలోని దుర్గి శిల్పాలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. 2003లో అమల్లోకి వచ్చిన ఈ చట్టం పేరును కాపాడుతుందే తప్ప ధరను నిర్ణయించదు, శిష్యులను తయారుచేయదు. శ్రేణి చేసిన నాలుగు పనుల్లో ఇది ఒక్కటే. అదీ దానంతట అది దక్కదు. పదేళ్లకోసారి నమోదును పునరుద్ధరించాలి. పేరుపై హక్కు పొందాలంటే శిల్పి అధీకృత వినియోగదారుగా విడిగా దరఖాస్తు చేసుకోవాలి.