శ్రీపెరుంబుదూరు చిన్నయసూరి కథలు



హోసూరు, కృష్ణగిరి మీదుగా చెన్నైకి పోయే రోడ్డులోనే శ్రీపెరుంబుదూరు ఉంది. పరవస్తు చిన్నయసూరి పుట్టిన ఊరు అదే. ఈ పండిత కవి సంస్కృత కథలను తెలుగు చేసి 1853లో 'నీతిచంద్రిక' వెలువరించారు. బంగారు కడియం చూపి బాటసారిని పిలిచే ముసలి పులి, వలతో సహా ఎగిరిపోయే పావురాలు అందులోనివే. పావురాల రాజు ఎలుకతో, ముందు తనవాళ్ల కట్లు కొరకమంటాడు.

ఆ భాష గ్రాంథికం, పిల్లలు తడబడతారు. ఇంట్లో తెలుగు మాట్లాడతా, తెలుగు చదవలేని పిల్లలు మనలో ఉన్నారు. అందుకే పెద్దలు ముందు మన ఇంటి తెలుగులో కథ చెప్పండి. తర్వాత రోజుకు రెండు వాక్యాలు చదివించండి. కథ తెలిసుంటే పెద్ద మాటకు కూడా పిల్లలు భయపడరు. పుస్తకం లేకుంటే బడికొచ్చి నన్ను అడగండి.

— ప్రధానోపాధ్యాయుడు